చేతుల గలీబు

ఈసారి చలికాలం మొదట్లో మా మనవరాలు హరిణి ఒక వస్తువు తెచ్చి నా మంచం మీద పెట్టింది. కాలేజీ వాళ్ళంతా కలిసి మనాలి వెళ్తున్నారు. అక్కడి మంచులో ఫొటోలు దిగడానికని ఫోన్లో తెప్పించుకుందట. తెల్లటి బొచ్చుతో, రెండు వైపులా నోరున్న గొట్టంలా ఉంది. మెడలో వేసుకోవడానికి ఒక పట్టీ. "ఇటునుంచి ఒక చెయ్యి, అటునుంచి ఒక చెయ్యి పెట్టుకోవాలె అమ్మమ్మా. మఫ్ అంటరు. ఇప్పుడు మళ్ళ ఫ్యాషన్ల కొచ్చింది," అని రెండు చేతులూ లోపలికి దోపుకుని, అద్దం ముందు నిలబడి, తల కొంచెం పక్కకు వంచి నవ్వింది. నేను లేచి వంటింట్లోకి వెళ్ళి, మీద ఏమీ లేని పొయ్యి ముందు కాసేపు నిలబడ్డాను. ఆ వస్తువు మా ఊరికి అరవై ఏళ్ళ కిందటే వచ్చింది. దాన్ని మా ఊళ్ళో మొదట కుట్టింది మా అక్క. మా అక్క అనే మాట నా నోటి నుంచి ఈ ఇంట్లో ఎవరూ విని ఉండరు. తనకొక పెద్దమ్మ ఉందని నా కూతురికి తెలియదు. నా భర్తతో నలభై ఏడేళ్ళు కాపురం చేశాను. ఆయనకూ తెలియదు. తెలియకుండానే రెండేళ్ళ కిందట వెళ్ళిపోయారు.

మా ఊరు ఆసిఫాబాద్. అక్కడి చలి గురించి, ఇప్పుడు నేనుంటున్న కరీంనగర్ వాళ్ళకు ఎంత చెప్పినా సగమే నమ్ముతారు. చుట్టూ అడవి, ఊరి పక్కన పెద్దవాగు. పొద్దున వాగు మీది పొగమంచు బజారు దాకా వచ్చి, దుకాణాల తలుపులకు పట్టుకుని వేలాడేది. మా బాపు దర్జీ. ఇంటి ముందు గదే ఆయన దుకాణం. లేవగానే ఆయన చేసే మొదటి పని ఇస్త్రీపెట్టెలో బొగ్గులు రాజేయడం. అది బట్టల కోసం కాదు. ఆ పెట్టె మీద అరచేతులు ఆనీ ఆనకుండా పెట్టి, అటూ ఇటూ తిప్పి, ఒక్కొక్క వేలూ విరుచుకుని, అప్పుడు కత్తెర పట్టేవాడు. నాయనమ్మకు ఇటుక ముక్క ఉండేది. మా అమ్మను అవ్వ అనేవాళ్ళం. అవ్వ దాన్ని పొయ్యిలో కాల్చి పాత చీర ముక్కలో చుట్టి ఇస్తే, ఒడిలో పెట్టుకుని రెండు చేతులూ దాని మీద మూసి, ఎండ వాకిట్లోకి వచ్చేదాకా కదిలేది కాదు. అవ్వకు చేతులు కాచుకునే తీరిక ఎక్కడిది! జొన్న గట్క కలిపే గంటె పట్టుకున్నంతసేపే ఆమెకు వెచ్చదనం. నేను బడికి వెళ్ళేటప్పుడు ఉడకబెట్టిన గెనుసుగడ్డలు రెండు గౌను జేబుల్లో చెరొకటి వేసుకుని, దారి పొడుగునా వాటిని పిసుకుతూ నడిచి, గంట కొట్టే లోపల తినేసేదాన్ని. ఆ వేళ మా ఇంటికొక వాసన ఉండేది. బొగ్గు పొగ, కొత్త దూది, గుర్తులు పెట్టే సుద్దముక్క, పొయ్యి మీద ఉడికే జొన్నపిండి. ఇప్పుడు వీటిలో ఏ ఒక్కటి ఎక్కడ తగిలినా అక్కడినుంచి లేచి వచ్చేస్తాను.

మా అక్క పేరు సులోచన. నాకంటే ఏడేళ్ళు పెద్దది. ఎనిమిదో తరగతితో బడి మానేసి బాపు పక్కన కూర్చుంది. బాపు మిషను కుట్టేవాడు, అక్క చేతి కుట్టు. గుండీల కాజాలు, అంచు మడతలు, రజాయిల మీద వరసలు. ఆమె వేళ్ళు పొడుగ్గా ఉండేవి. సూదిలో దారం ఎక్కించేటప్పుడు చిటికెన వేలు విడిగా పైకి లేపేది. బజారుకు వచ్చిన ఆడవాళ్ళు ఆ వేలిని చూడటానికే నిలబడేవాళ్ళేమో అని నాకు అనుమానం. పక్కింట్లో ఫాతిమా ఖాలా ఉండేది. ఆమె భర్త దూది ఏకేవాడు. రజాయిలలోకి దూది వాళ్ళింటి నుంచే వచ్చేది. ఖాలా రోజుకు నాలుగుసార్లు మా ఇంటికి వచ్చి, అక్క పక్కన పీట వేసుకుని కూర్చుని, "అరే బేటీ, నీ చేతులు నాకియ్యి, నా చేతులు నువ్వు తీసుకో," అనేది.

ఒక చలికాలం అటవీ శాఖ ఆఫీసరు భార్య బాపు దగ్గరికి వచ్చింది. వాళ్ళది ఎక్కడో ఉత్తరాన మంచు పడే ఊరు. ఆమె సంచిలోంచి బొచ్చు ఊడిపోయిన గొట్టంలాంటిది ఒకటి తీసి బల్ల మీద పెట్టింది. అది వాళ్ళ నానమ్మదట, బాగుచేయాలట. బాపు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "గిదేంది తల్లీ, దిండుకు రెండు దిక్కుల నోరున్నది?" అన్నాడు. అక్క పకపకా నవ్వింది. ఆఫీసరమ్మ కూడా నవ్వి, అందులో చేతులు ఎట్లా పెట్టుకోవాలో చూపించింది. అక్క దాన్ని రాత్రంతా విప్పి, ఎక్కడ ఏ ముక్క ఉందో చూసుకుంది. బొచ్చు మాకెక్కడ దొరుకుతుంది? మెరూన్ వెల్వెట్టు పైన, మెత్తటి ఫ్లానెల్ లోపల, మధ్యలో ఖాలా ఇచ్చిన దూది. అంచుకు జరీ పట్టీ. లోపల ఎవరికీ కనబడని చిన్న జేబు ఒకటి. ఆ జేబులో వేయించిన ఉప్పు మూట పెట్టుకుంటే పూట సగం దాకా వెచ్చగా ఉంటుందనేది అక్క సొంత ఆలోచన. ఆఫీసరమ్మ పాతదాన్ని అక్కడే మరిచిపోయి కొత్తదాన్ని వేసుకుని వెళ్ళింది. మరుసటి వారానికి తహసీల్దారు బిడ్డ వచ్చింది. తర్వాత హెడ్మాస్టరు భార్య. మా వైపు దిండు తొడుగును గలీబు అంటాం కాబట్టి ఊరు దానికి తనే పేరు పెట్టుకుంది: చేతుల గలీబు. ఆ చలికాలం వెళ్ళేలోపు పెళ్ళిళ్ళకూ సినిమా హాలుకూ గలీబు లేకుండా వచ్చే ఆడపిల్ల నామోషీ పడే దాకా వచ్చింది. నిర్మల్ నుంచి కూడా అడిగి పంపారు. ఖాలాకు నల్లటి వెల్వెట్టుతో ఒకటి కుట్టి ఇచ్చింది అక్క. ఖాలా అది వేసుకుని మా వాకిట్లో బేగంలా పచార్లు చేస్తే నాయనమ్మ కడుపు పట్టుకుని నవ్వింది.

తర్వాత నేను టీచరునయ్యాక, ఈ వస్తువు గురించి ఎక్కడ ఏ ముక్క కనబడినా చదివాను. ఎందుకు చదివానో అడిగితే చెప్పలేను. పుండు మీద చెయ్యి పోతూనే ఉంటుంది. చలిదేశాల్లో ముందు దీన్ని దొరసానులే వాడారట. తర్వాత మగవాళ్ళకూ మోజు పుట్టి, నడుముకు పట్టీతో కట్టుకుని తిరిగేవాళ్ళట. కొందరు అందులో బుల్లి కుక్కపిల్లల్ని పెట్టుకునేవాళ్ళు, కొందరు ప్రేమ ఉత్తరాలు దాచుకునేవాళ్ళు. వేడినీళ్ళు పోసిన చిన్న మట్టి సీసాలు లోపల పెట్టుకునే రోజులు కూడా ఉన్నాయట. అది చదివినప్పుడు మా అక్క ఉప్పు మూట గుర్తొచ్చి పుస్తకం మూసేశాను. తర్వాత చేతి తొడుగులు వచ్చి దీన్ని వెనక్కి నెట్టాయి. అంతదూరం దేశాల్లో అన్ని వందల ఏళ్ళు నడిచిన ముచ్చట మా బజారులో రెండు చలికాలాల్లో పుట్టి, వెలిగి, బూడిదైపోయింది.

రెండో చలికాలానికి అక్కకు సంబంధం కుదిరింది. పిల్లవాడు సుల్తానాబాద్‌లో బడిపంతులు. చూడటానికి వచ్చినప్పుడు అక్క కుడుతున్న గలీబును చేతిలోకి తీసుకుని, "మా ఊర్ల ఇంత చలి ఉండది. అయినా మా అమ్మకు ఒకటి కుట్టుండ్రి," అన్నాడు. ఆ ఒక్క మాట అక్క ఎన్నిసార్లు చెప్పుకుందో! ఎండాకాలం వెళ్ళాక పెళ్ళి అనుకున్నారు. అక్క ఎప్పుడూ తన గలీబు వేసుకునే ఉండేది. సొగసు అనుకున్నాం. పెళ్ళికూతురు కళ అంది నాయనమ్మ.

ఒక ఆదివారం పొద్దున అక్కా నేనూ వాకిట్లో ఎండకు కూర్చున్నాం. అవ్వ పెనం మీద వేయించి ఇచ్చిన ఉప్పు మూటను అక్క గలీబు జేబులో పెట్టుకుని, చేతులు లోపలికి దోపుకుని, పెళ్ళి రవికెల గురించి ఏదో చెబుతోంది. నాకు మాడు వాసన వచ్చింది.

"అక్కా, ఏందో మాడుతున్నది."

"పాలు పొంగినయేమో. పోయి చూడు."

వంటింట్లో పాలూ లేవు, ఏమీ లేదు. తిరిగి వచ్చేసరికి ఆ వాసన అక్క ఒడిలోంచే వస్తోందని తెలిసింది. ఆమె ఎడమ చెయ్యి బయటికి లాగాను. మూట ముడి ఊడి ఉప్పంతా అరచేతి అంచుకు అంటుకుని ఉంది. చిటికెన వేలి కింద చర్మం తెల్లగా ఉబ్బి, మధ్యలో కమిలిపోయి ఉంది.

"అక్కా! నొస్తలేదా?"

అక్క ఆ చేతిని వేరే ఎవరి చేతినో చూసినట్టు చూసింది. "లే," అంది మెల్లగా. అంటుకున్న ఉప్పు దులుపుకుని, "శారదా, గా సూది తే," అంది.

తెచ్చాను. అక్క కళ్ళు మూసుకుని చెయ్యి నా ముందుకు చాపింది. "చిటికెన ఏలుకు గుచ్చు."

గుచ్చాను. ఆమె ముఖంలో ఏ మార్పూ లేదు. కళ్ళు మూసుకుని ఎదురు చూస్తూనే ఉంది.

"గుచ్చుమంటే గుచ్చవేందే?"

"గుచ్చిన."

"ఇంకోపారి గుచ్చు."

"గుచ్చిన అక్కా. నెత్తురు కూడ వచ్చింది."

అక్క కళ్ళు తెరిచి, చిటికెన వేలి మీద నిలబడిన చుక్కను చూసింది. నా చేతిలోంచి సూది తీసుకుని జాగ్రత్తగా దారపు ఉండకు గుచ్చి పెట్టింది. "ఎవ్వలకు చెప్పకు. అవ్వకు చెప్పకు, బాపుకు అసలే చెప్పకు. నరం తిమ్మిరెక్కింది, అంతే. పెండ్లయినంక నేనే పోయి చూపిచ్చుకుంట. నా మీద ఒట్టు," అని నా అరచేతిని తన తల మీద పెట్టుకుంది. ఆమె జుట్టులోని కొబ్బరినూనె నా చేతికి అంటింది. నాకప్పుడు పదకొండేళ్ళు. అది తిమ్మిరి కాదని నాకు తెలుసు. మసీదు మలుపు దగ్గర వంకర వేళ్ళ మధ్య డబ్బా ఇరికించుకుని అడుక్కునే ముసలాయన్ని రోజూ చూసేదాన్ని. కుష్ఠును మా వైపు ఆ పేరుతో అనరు. పెద్దరోగం అంటారు, అది కూడా గొంతు తగ్గించి.

ఆ తర్వాత నెల కాకుండానే మా బడికి ఒకాయన వచ్చాడు. సైకిలు మీద పెట్టె, పెట్టెలో బొమ్మల పటాలు. ఆయన ఒక కోడి ఈకా, ఒక గుండుసూదీ చూపించి చాలా నెమ్మదిగా చెప్పాడు: "ఒంటి మీద ఏడన్న గీ ఈక తాకింది తెలుస్తలేదంటే భయపడద్దు. గోలీలున్నయి. జల్ది వస్తే ఏ వంకర లేకుంట నయమైతది. మీ ఇండ్లల్ల ఎవలకన్న ఉంటే చెయ్యెత్తుండ్రి. సిగ్గైతే నాకొక్కనికే వచ్చి చెప్పుండ్రి. బుధవారం దాక డాక్ బంగ్లల ఉంట." నేను మూడో బెంచీలో కూర్చున్నాను. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, వాటి మీద బరువంతా వేసి కూర్చున్నాను. మంగళవారం సాయంత్రం డాక్ బంగళా గేటు దాకా వెళ్ళాను. ఆయన వరండాలో కూర్చుని టీ తాగుతున్నాడు. నన్ను చూసి చెయ్యి ఊపి పిలిచాడు కూడా. నేను పరుగెత్తుకుంటూ ఇంటికి వచ్చేశాను. ఒట్టు కోసం అని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. అది సగమే నిజం. చెబితే నా బెంచీ స్నేహితురాలు వనజ రేపటి నుంచి నా పక్కన కూర్చోదనే ఆలోచన ఆ గేటు దగ్గర నాకు ముందుగా వచ్చింది. అక్క గురించిన ఆలోచన తర్వాత వచ్చింది.

చలి ఉన్నంత కాలం గలీబు అక్కను కాపాడింది. ఎండలు ముదిరాక వెల్వెట్టులో చేతులు ఎవరు పెట్టుకుంటారు? రుమాలు కట్టుకుంది. అన్నం తినేటప్పుడు వెనక్కి తిరిగి కూర్చునేది. చిటికెన వేలూ ఉంగరపు వేలూ అరచేతిలోకి ముడుచుకుపోయాయి. పైకి లేచి నిలబడే ఆ వేలు ఇక లేవలేదు. కాలిన పుండు మానక కుళ్ళింది. ఆ వాసన అవ్వ పట్టేసింది. బాపు ఆమెను పెద్దాసుపత్రికి తీసుకువెళ్ళాడు. నేనూ వెంట వెళ్ళాను. డాక్టరు మోచేతి దగ్గర నరాన్ని నొక్కి చూసి, "రోగం తగ్గుతుంది. గోలీలు వాడితే పూర్తిగా తగ్గుతుంది. కానీ ఈ వేళ్ళు తిరిగి రావు. పోయిన చలికాలంలో వచ్చి ఉంటే వేళ్ళు వంగేవి కావు," అన్నాడు. బాపు, "మాకు ఎవరు చెప్పిండ్రు సారూ? ఎవరికి ఎరుక?" అన్నాడు. నేను గోడకు ఉన్న క్యాలెండరు వైపు చూస్తూ నిలబడ్డాను.

ఊరికి ఎట్లా తెలిసిందో తెలియదు. మేము బస్సు దిగేసరికే తెలిసిపోయింది. మరుసటి పొద్దున మా దుకాణం ముందు ఒక్కొక్కరే వచ్చి గలీబులు పడేయడం మొదలుపెట్టారు. చేత్తో పట్టుకుని రాలేదు. కట్టె పుల్లలకు తగిలించుకుని, పాత చీపురు మీద పెట్టుకుని తెచ్చారు. ఎవరూ తిట్టలేదు. బాపు బయటికి వచ్చి, కుప్ప మీద కిరసనాయిలు పోసి, ఆయనే అగ్గిపుల్ల గీశాడు. వెల్వెట్టు మండితే వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది. అక్క కిటికీ ఊచల వెనక కూర్చుని చూస్తూ, ఎవరో అడిగినట్టు చెప్పుకుంటూ పోయింది: "గది తాసిల్దారు బిడ్డది. గది హెడ్మాస్టరమ్మది, ఆమెకు జరీ వద్దన్నది. గా నీలిది నిర్మల్ పంపాల్సింది." సుల్తానాబాద్ వాళ్ళు రాలేదు. వాళ్ళ దగ్గర్నుంచి మాట కూడా రాలేదు. రాకపోవడమే మాట.

కుప్ప ఇంకా మండుతుండగానే ఖాలా వచ్చింది. ఆ మండుటెండలో తన నల్ల గలీబు రెండు చేతులకూ వేసుకుని, గుంపు మధ్యలోంచి నడిచి, నేరుగా లోపలికి వచ్చి అక్క పక్కన కూర్చుంది. "ఏమైందని గింత లొల్లి? ఏమైంది గీ చేతులకు?" అని, అక్క రుమాలు విప్పి, పుండు చూసి, కళ్ళు తుడుచుకోకుండానే అక్క చేతుల్ని కూడా ఆ గలీబులోకే తీసుకుంది. "మా బిడ్డ నిఖాకు పెండ్లి బట్టలు కుట్టిన చేతులివి. ఎవడు కాలబెడ్తడో రమ్మను," అంది. ఇద్దరూ అట్లా చాలాసేపు కూర్చున్నారు. అవ్వ పొయ్యి దగ్గర నేల మీద పడుకుని ఏడుస్తోంది. నేను గుమ్మంలో నిలబడ్డాను. ఖాలా తలెత్తి, "దా శారదా, అక్క దగ్గర కూసో," అని పిలిచింది. నేను గుమ్మం దాటలేదు.

పది రోజులకు బాపు అక్కను గోదావరి అవతల ఎక్కడో ఉన్న ఆసుపత్రికి తీసుకువెళ్ళాడు. దాని పక్కనే రోగుల కాలనీ ఉంది. బస్సు ఎక్కేముందు అక్క నన్ను పక్కకు పిలిచింది. నవ్వింది కూడా. "అందరు నిన్ను అడిగిండ్రట గద, నువ్వు ఒక్క మాటన్న బయట పెట్టలే. ఒట్టు నిలుపుకున్నవు. నా చెల్లె మాట తప్పదని నాకెరుకే," అంది. నా తల నిమరబోయి, చెయ్యి మధ్యలోనే ఆపుకుంది. డాక్టరు చెప్పిన మాట ఆమె కూడా విన్నది. ఒక్క చలికాలం ముందు. అయినా నన్ను మెచ్చుకుని వెళ్ళింది. జీవితంలో నన్ను చాలామంది మెచ్చుకున్నారు. ఉత్తమ ఉపాధ్యాయురాలని శాలువా కప్పారు. ఆ మెచ్చుకోలు ఒక్కటే నా ఒంటి మీద నుంచి ఎప్పటికీ దిగలేదు.

మేము ఆసిఫాబాద్ వదిలి కరీంనగర్ వచ్చేశాం. బాపు ఒక బట్టల కొట్టులో పనికి కుదిరాడు. అద్దె ఇంటి యజమానురాలు మొదటి రోజే, "ఎంతమంది పిల్లలమ్మా?" అని అడిగింది. అవ్వ గిన్నెలు సర్దుతూ తల ఎత్తకుండా, "ఒక్కతే బిడ్డ. పెద్దది జొరమొచ్చి పోయింది," అంది. మా ఇంట్లో అక్క అట్లా చనిపోయింది. అక్క ఉత్తరాలు ఖాలా ఇంటికి వచ్చేవి. ఖాలా భర్త దూది బేరం మీద కరీంనగర్ వచ్చినప్పుడు తెచ్చి ఇచ్చేవాడు. నేను చదివితే అవ్వ వినేది. కొన్నేళ్ళకు ఒక ఉత్తరంలో, రోగం పూర్తిగా పోయిందని, గోలీలు ఆపేశారని, కావాలంటే ఇంటికి వెళ్ళవచ్చని డాక్టర్లు కాగితం ఇచ్చారని రాసింది. అవ్వ బాపు వైపు చూసింది. బాపు, "ఏ ఇంటికి?" అన్నాడు. నా పెళ్ళి మాటలు నడుస్తున్న రోజులవి. నా పెళ్ళయ్యాక ఒక్కటే ఉత్తరం వచ్చింది: "చెల్లె, నీ అత్తగారింట్ల నా పేరు పడద్దు. ఇగ నేను రాయ. నువ్వు కూడ రాయకు." నేను రాయనక్కరలేదని ఆమే చెప్పిందని, హాయిగా, అవును హాయిగానే, రాయలేదు.

ముప్పై ఒక్క ఏళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పాను. ఆరోగ్యం పాఠంలో ఈ రోగం గురించి కూడా ఉండేది. ముట్టుకుంటే అంటుకోదని, మందు ఉచితంగా దొరుకుతుందని, ఇప్పుడు కొద్ది నెలల్లో నయమవుతుందని బల్ల గుద్ది చెప్పేదాన్ని. ఎవరికైనా అనుమానం ఉంటే నాతో చెప్పమనేదాన్ని. ఒక్క పిల్లా లేచేది కాదు. మూడో బెంచీ వైపు మాత్రం చూసేదాన్ని కాదు. ఆ రోజుల్లో మందు ఏళ్ళ తరబడి మింగాలి, ఊరు కట్టెలతో తరిమేది. ఇప్పుడు మందు సులువైంది, ఎవరూ ఏమీ కాలబెట్టరు. అందరూ మంచిగానే మాట్లాడతారు. ఊరు మారిందనుకునేదాన్ని. కరీంనగర్ చలికాలం కూడా మారింది. నేపాలీ వాళ్ళు రోడ్డు పక్కన రంగురంగుల ఉన్ని తొడుగులు వేలాడదీసి అమ్ముతారు, స్కూటర్ల మీద పోయే ఆడపిల్లలు ఎండకైనా చలికైనా మోచేతుల దాకా తొడుక్కుంటారు. వాటి లోపల ఏ చెయ్యి ఎట్లా ఉందో ఎవరికి కావాలి! నేనొక్కదాన్నే ప్రతి తొడుగునూ చూసి లోపలి వేళ్ళు లెక్కపెట్టుకుంటూ నడిచేదాన్ని.

హరిణి మనాలి వెళ్ళిన మూడో రోజు, పాత స్నేహితురాలిని చూసి వస్తానని కూతురితో చెప్పి, ఒక్కదాన్నే బస్సెక్కాను. ఎవరి దగ్గర దాచానో ఆ భర్త లేడు. అత్తగారిల్లు లేదు. అయినా అబద్ధమే చెప్పాను, అలవాటు. గోదావరి దాటి రెండు బస్సులు మారి, ఆటోలో కాలనీకి చేరేసరికి మధ్యాహ్నమైంది. వరసగా చిన్న చిన్న ఇళ్ళు, శుభ్రమైన వాకిళ్ళు, ఒక చేతి పంపు. నాకంటే పెద్దావిడ ఒకామె మెట్ల మీద ఎండకు కూర్చుని ఉంది. పేరు మల్లవ్వ అని చెప్పింది. సులోచన ఇల్లు ఎక్కడని అడిగాను.

"సులోచనమ్మనా? పోయింది గదమ్మా. పోయిన వానకాలమే పోయింది. జొరమొచ్చి నాలుగు రోజులల్ల పోయింది."

నేను ఆ మెట్టు మీదే కూర్చున్నాను. మల్లవ్వ లోపలికి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. గ్లాసును రెండు మణికట్ల మధ్య పట్టుకుని తెచ్చింది. దాన్ని నా చేతికి ఇవ్వకుండా మెట్టు మీద నా పక్కన పెట్టి, వెనక్కి జరిగింది. తాగాను. తాగేముందు ఒక్క క్షణం ఆగాను. ఆ క్షణాన్ని ఆమె చూసింది.

ఆమె చేతులకు ఉన్ని తొడుగులు ఉన్నాయి. అట్లాంటివి నేను ఎక్కడా చూడలేదు. ఒకదానికి రెండే వేళ్ళు. ఇంకొకదానికి వేళ్ళే లేవు, పొట్టి సంచిలా ఉండి, బొటన వేలి మొదలుకు మాత్రం చిన్న గూడు. నేను చూస్తున్నానని మల్లవ్వ చేతులు ముందుకు పెట్టింది. "సులోచనమ్మ కుట్టినవే. చలికాలమొస్తే మా అందరికీ కుట్టేది. మా చేతులు బజార్ల దొరికే వాటిల పట్టయి గద. ఒక్కలదొక తీరు. కాయితం మీద చెయ్యి పెట్టుమని చుట్టు గీత గీసుకుని, ఆ గీత మీద కుట్టేది. సగం వేళ్ళతోనే కుట్టేది తల్లి. కాలుతదని ఎరుకైతలేదు గద మాకు, మంట దగ్గరికి పోనియ్యకపోయేది. తొడుగులు తొడుక్కొని ఎండకు కూసోండ్రని లొల్లి పెట్టేది." కాలనీలో అందరివీ ఆమె చేతి మీదివే అని, ఇక పాడైతే కుట్టేవాళ్ళు లేరని, చాలా జాగ్రత్తగా వాడుకుంటున్నామని చెప్పింది.

"ఆమెకు ఎవరూ లేరా?" అని అడిగాను.

"లేరు. ఒక్క చెల్లె ఉండెనట. శారద అని. చిన్నప్పుడే సచ్చిపోయిందట. మస్తు మంచిదట, మాట అంటే మాటేనట. ఎప్పుడు యాది చేసేది." అని, నా ముఖంలోకి చూసి, "మీరేమైతరమ్మా ఆమెకు?" అంది.

"ఒక ఊరోళ్ళం," అన్నాను.

లేచి నిలబడ్డాను. మల్లవ్వ కూడా గోడ పట్టుకుని లేచింది. "మా సులోచనమ్మను అడిగేతందుకు ఇన్నేండ్లకు ఒక్కలొచ్చిండ్రు," అంటూ, తొడుగులు పళ్ళతో లాగి తీసేసి, రెండు చేతులూ నా వైపు చాపింది. వేళ్ళు లేని, నున్నటి, ఎండకు వెచ్చబడ్డ చేతులు. పట్టుకొమ్మని చాపింది. ముట్టుకుంటే ఏమీ కాదని నాకు తెలుసు. ముప్పై ఒక్క ఏళ్ళు చెప్పిన పాఠం అది. నా చేతులు ముందుకు వెళ్ళలేదు. అవి పైకి లేచి, ఒకదానికొకటి అతుక్కుని, నా ఛాతీ దగ్గర నమస్కారం పెట్టాయి.

మల్లవ్వ ఏమీ అనుకోలేదు. ఆమెకది కొత్త కాదు. చాపిన చేతుల్ని నెమ్మదిగా వెనక్కి తీసుకుని, తనూ వాటిని దగ్గరికి చేర్చి నమస్కారం చేసి, "జర పైలంగ దిగమ్మా, కింది మెట్టు ఊగుతది," అంది.